వీపు దిక్కు నుంచి

పీపుల్స్ ప్లాజాల పండుగ అన్నరు.
ఏం పండుగని నేను అడగలే.
ఆరు గంటల కిరాయి, డీజిల్ వాళ్ళదే,
గంతవరకే నాకు ఎర్క.

స్టేజీ ఎనక కానుగ చెట్టు కింద బండి ఆపిన.
సాగర్ మీదికెల్లి గాలి. ఆ వాసన మీకు తెల్సిందే.
మక్కకంకులు కాల్చే పొగ దాంట్ల కలిసి
జర మర్యాదగ వస్తున్నది.

ఇరవై రెండేండ్లు బరాత్‌ల ఎంబడి జనరేటర్ నూకినోన్ని.
గుర్రం ముందట బ్యాండు,
బ్యాండు ముందట తువ్వాలలు ఊపుకుంట ఎగిరే దోస్తులు,
అందరికన్న ఎనక నేను, పొగ మింగుకుంట.
పాటను ఎప్పుడు చూసినా
వీపు దిక్కు నుంచే చూసిన.

ఈ పిల్లలయి గూడ వీపులే.

బ్యాండు పేరు తడి చెప్పులు అట. నవ్వొచ్చింది.
పాడే పిల్ల సంహిత. నిమ్మపండు రంగు గౌను,
నడుముకు నల్ల డబ్బా, దాంట్లకెల్లి మెడ దాక తీగె,
జారిపోతున్న రబ్బరు బ్యాండును
ప్రతి పాట నడుమ ఒక్కసారి ఎగేసుకుంటది.
డ్రమ్ముల అయాజ్ స్టూలు కుంటుతదని
కాలు కింద పాత పేపరు మడిచి పెట్టిండు.
ముందల నిలబడ్డోళ్ళకు లైట్లు కనపడ్తయ్.
నాకు పేపరు కనపడ్తది.

పగలు నాలుగింటికి, ఇంకా ఎవ్వరు రాలే,
కీబోర్డు జోయెల్ దిగొచ్చి నా బండి మీద చెయ్యేసిండు.
కాలుతదిరా బాబూ అన్న.
చెవి దగ్గరకు తెచ్చి కండ్లు మూసుకున్నడు.
"అన్నా, ఇది ఒక్కటే సుర్ పట్టుకోని కూసుంది.
జర కిందికి జారుతుంది గని, మంచి గొంతే" అన్నడు.

పెండ్లికొడుకుల మేనమామలు,
చౌరస్తాల కాడ కానిస్టేబుళ్ళు,
నా అంగీని మూడుసార్లు నానవెట్టే మా శంకరమ్మ,
జనరేటర్ను తిట్టినోళ్ళే అందరు.
గొంతు అన్నోడు లేడు.

ఏడు దాటినంక షురూ జేసిండ్రు.
హాస్టల్ చట్నీ మీద ఒక పాట.
గొడుగు అడుక్కపోయి మల్ల కనపడని పిల్లగాని మీద ఒకటి.
ఇయి గూడ పాటలేనా అనుకున్న,
అనుకుంటనే మడిమె కొట్టుకుంటున్న.
స్పీకర్ల సందుల నుంచి
జనం కాదు, చేతులే కనపడ్డయ్.
చేతికట్లున్నయి, గోరింటాకుయి,
ఒగని భుజాల మీద కూసున్న చిన్నపిల్ల చేతులు,
ఒకదాంట్ల సగం తిన్న కంకి.

నెక్లెస్ రోడ్డు టేషన్ల లోకల్ రైలొచ్చింది.
పాట ఆగాల్సిందే, అంత చప్పుడు.
అయాజ్ ఆపలే. రైలు నడకను కర్రల మీదికి తీసుకోని
అది పోయినంక గూడ ఇంకో నాలుగు డబ్బాలు నడిపిచ్చిండు.
నేను ఈల కొట్టిన. నాకే ఇనపడలే.

ఆఖరి పాటకు మాటలు తక్కువ.
జోయెల్ ఒక్కటే మీట ఒత్తి పట్టుకోని
చెట్టు దిక్కు ఒక్కసారి తల తిప్పిండు.
నాకు సంగీతం రాదు.
ఊకనే తిప్పిండో, దోమ కుట్టిందో చెప్పలేను.
కానీ ఆ చప్పుడు పక్కన పండుకుంటే
రెండేండ్ల పిల్ల నిద్రపోతదని నాకు ఎర్కే,
మా పెద్ద బిడ్డ గట్లనే పండుకునేది, బరాత్‌ల,
బండి మీద, గోనెసంచి పరిచి.
స్టేజీ ముందల ఎంతమంది ఉన్నరో తెల్వది,
అందరు ఒక్కసారే సప్పుడు బంద్ జేసిండ్రు.

అయిపోయింది. తీగెలు చుడుతున్నరు.
సంహిత ఇటు మర్రింది. ముఖం అప్పుడే చూసిన,
ముక్కు కొసకు చెమట బొట్టు, కాటుక కారింది.
ఏమన్న అంటదేమో అని లేచి నిలబడ్డ.
"అన్నా, జరసేపు బంద్ చెయ్యకు,
ఫోన్ చార్జింగ్ అయిపోయింది, క్యాబ్ బుక్ చేస్కోవాలె."

సరే బిడ్డా అన్న.
ఎనిమిది మంది మెట్ల మీద కూసోని
ఒక్క ప్లగ్గుకు ఫోన్లు తగిలిచ్చి
గొడుగు పాట మల్ల తీసుకున్నరు, మైకులు లేకుంట.
జోయెల్ రెండో చెప్పు దేవులాడుతుండు.

వాళ్ళ డీజిల్ అయిపోయింది.
నాది రెండు లీటర్లు పోసిన.